నిచ్చెన ఉన్న ఇల్లు

ఆదివారం పొద్దున గేటు దగ్గర నిలబడి ప్రెషర్ వాషర్ మిషను ఆన్ చేస్తే చాలు, పాలప్యాకెట్లు తెచ్చుకునేవాళ్ళు, వాకింగ్ ముగించుకుని వచ్చేవాళ్ళు, కుక్కను తిప్పేవాళ్ళు అందరూ కాసేపు ఆగుతారు. తుంపర్లు పడనంత దూరంలోనే. "ఎంతకు కొన్నారు?" అన్నది మొదటి ప్రశ్న. తొమ్మిది వేల చిల్లర అంటాను. కనుబొమలు ఒకసారి పైకి లేచి దిగుతాయి. రెండో ప్రశ్నకు ముందు కొంచెం తటపటాయింపు ఉంటుంది.

"కొనొచ్చంటారా?"

ఏడాది దాటింది, ఈ ప్రశ్నకు నేను మనిషికో జవాబు చెబుతున్నాను. ఆ పూట నడుం పట్టేసి ఉంటే "ఎందుకండీ, దండగ" అంటాను. గచ్చు తెల్లగా తేలి ఉంటే "కళ్ళు మూసుకుని తీసుకోండి" అంటాను. ఇద్దరు ఎదురెదురు ఇళ్ళవాళ్ళు నా రెండు జవాబులనూ పక్కపక్కన పెట్టుకుని చూసుకున్నారట. ఆ పరువు కాస్తా పోయాక, అసలు నా అభిప్రాయం ఏమిటో నేనే తేల్చుకుందామని కూర్చున్నాను.

మొదట ఒకటి ఒప్పుకోవాలి. నేను ప్రెషర్ వాషర్ కొన్నది కారు కోసం కాదు. బుడమేరు వాగు వరద వల్ల.

2024 సెప్టెంబరు ఒకటో తారీఖు ఆదివారం. విజయవాడ సగం నీళ్ళలో ఉంది. మా వైపు రాలేదు గానీ సింగ్‌నగర్‌లో మా చెల్లెలి ఇల్లు కింది భాగమంతా మునిగింది. వాళ్ళు మేడెక్కి బతికారు. ఆ రోజుల సంగతి అందరూ రాశారు, టీవీల్లో అందరూ చూశారు. నీళ్ళు తీసిన తర్వాతి రోజుల గురించి తక్కువమంది రాశారు. నీటిని బకెట్లతో ఎత్తిపోయొచ్చు. బురద అలా కాదు. అది గ్రైండర్ గిన్నెలో ఉంది, ఫ్రిజ్ తలుపు రబ్బరు మడతల్లో ఉంది, కుట్టుమిషను సొరుగులో దారపు ఉండల మధ్య ఉంది, దేవుడి గూట్లో ఉంది. పైన ఆరి పెళుసెక్కుతుంది, కింద జిగురుగానే ఉంటుంది. ఒక గదిని చీపురుతో, తట్టతో ఖాళీ చేయడానికి నలుగురికి ఒక పూట పట్టింది. ఖాళీ అయ్యాక కూడా నేల కనపడలేదు, నేల రంగు బురదే కనపడింది.

ప్రభుత్వం ఫైరింజన్లను వీధుల్లోకి పంపింది. రోడ్లు కడిగారు, ఇళ్ళలోకి కూడా గొట్టాలు లాగి కడిగారు. వాళ్ళు చేసిన మేలు చిన్నది కాదు. అయితే ఫైరింజన్ గొట్టం పెద్ద మనసున్న చుట్టం లాంటిది, వచ్చిందంటే ఇల్లంతా తనదే. వంటగట్టు కింద సిలిండరు పెట్టే మూలలోకి, కిటికీ పట్టాల గాళ్ళలోకి అది దూరదు. ఆ పని చేసింది ఆ వీధి చివర బళ్ళకు వాటర్ సర్వీసింగ్ చేసే కుర్రాడు. వాడి షెడ్డు కూడా మునిగింది. మోటారు ఆరబెట్టుకుని, బాగు చేయించుకుని, బెల్టు పంపును తోపుడు బండి మీద ఎక్కించుకుని ఇంటింటికీ తిరిగాడు. ఇచ్చినంత తీసుకున్నాడు. లేదన్నవాళ్ళ దగ్గర తీసుకోలేదు. సన్నటి ధార గచ్చు మీద పడి, కాఫీపొడి రంగు బురద పాయలుగా విడిపోయి, అడుగు నుంచి పసుపూ ఎరుపూ మొజాయిక్ చుక్కలు బయటపడుతుంటే మా చెల్లెలు గుమ్మంలో నిలబడి, "అన్నయ్యా, మా గచ్చు ఈ రంగా? మర్చేపోయాను" అంది.

ఆ మాట నన్ను పట్టుకుంది. దసరా ఆఫర్లు వచ్చేసరికి కొనేశాను. బురద రాని ఇంటికి బురద కడిగే మిషను!

ఇది చేసే పని కొత్తదేమీ కాదు. చిన్నప్పుడు మొక్కలకు నీళ్ళు పెడుతూ పైపు చివర బొటనవేలు అడ్డం పెట్టి పక్కింటివాడి మీదకు చిమ్మిన ప్రతివాడికీ ఈ విద్య తెలుసు. దారి ఇరుకైతే నీళ్ళకు దూకుడు వస్తుంది. కాకపోతే వేలు ఎంత నొక్కినా, మేడ మీది ట్యాంకు ఎత్తు ఇచ్చే బలాన్ని మించదు. పది మీటర్ల ఎత్తు నీటికి ఒక బార్ ఒత్తిడి అని లెక్క. మా రెండంతస్తుల మీది ట్యాంకు నుంచి గేటు దగ్గరికి వచ్చేసరికి ఆ ఒక్క బార్‌కు కాస్త అటూ ఇటూ. మిషను డబ్బా మీద 120 బార్ అని ఉంది. అంటే పన్నెండు వందల మీటర్ల ఎత్తున ట్యాంకు కట్టుకున్నట్టు. నాగార్జునసాగర్ డ్యాము ఎత్తు సుమారు 124 మీటర్లు. అలాంటివి పది దొంతిగా పేర్చి, ఆ కొస నుంచి మా గుమ్మంలోకి పైపు లాగాలి. డబ్బా మీద రాసేది గరిష్ఠం, పని చేసేటప్పుడు ఉండేది అంతకన్నా తక్కువ కాబట్టి రెండు మూడు సాగర్లు తీసేయండి. అయినా తక్కువేమీ కాదు. లోపల ఒక వాలు పళ్ళెం తిరుగుతూ మూడు చిన్న పిస్టన్లను వంతులవారీగా తోస్తుంది. అవి నీటిని నెడతాయి. చివర సూదిబెజ్జం లాంటి నాజిల్. అంతకుమించి అందులో మాయ లేదు. బయటికి వచ్చేది నిమిషానికి ఆరు లీటర్లే, మా మామూలు పైపులో వచ్చేదానిలో సగం కూడా ఉండదు. తక్కువ నీళ్ళు, ఎక్కువ కోపం.

చేత్తో పట్టుకునే భాగాన్ని గన్ అంటారు. మా ఆవిడ దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో ముఖ్యమైన సంగతి అదొక్కటే. "ముప్ఫై ఏళ్ళు చీపురు ముట్టుకోలేదు. దానికి ట్రిగ్గర్ పెట్టారు, ఆరింటికల్లా లేచి కూర్చుంటున్నారు" అని వచ్చినవాళ్ళందరితో చెబుతుంది. ఖండించడానికి నా దగ్గర ఏమీ లేదు. పైగా నేను కడిగేవన్నీ వీధిలోకి కనపడేవే. గేటు, ప్రహరీ, కారు, మెట్లు. స్నానాలగది మూల గురించి గానీ, సింకు కింద గురించి గానీ నాకు ఎప్పుడూ ఆవేశం కలగలేదు. మా పనిమనిషి మాట ఇంకా సూటిగా ఉంటుంది. "మిషను వచ్చింది కదా, పని తగ్గుద్దనుకున్నాను బాబుగారూ. మీరు గోడ కడిగారు, గోడ మీది మట్టి వరండాలోకొచ్చింది. అదెవరు ఎత్తాల?" ఇంజనీర్లు చెప్పని విషయం ఇది. మిషను మురికిని పోగొట్టదు, పక్కకు జరుపుతుంది. జరిపిన చోట ఎవరో ఒకరు వంగాలి.

మొదటిరోజు సంగతి చెప్పాలి. మేడ మీద పిట్టగోడ వానలకు నల్లబడి ఉంటుంది కదా, నాచు ఎండిపోయి. నాజిల్ పెట్టి అడ్డంగా ఒక గీత లాగాను. నల్లటి పలక మీద సుద్దముక్కతో గీసినట్టు తెల్లగా వచ్చింది. ఆ క్షణంలో కలిగే ఆనందానికి నేను పేరు పెట్టలేను గానీ, లోకంలో అది నాకొక్కడికే కలగలేదని తర్వాత తెలిసింది. ఊరికే గచ్చులూ గోడలూ కడిగే వీడియోలను లక్షలమంది కూర్చుని చూస్తారు. 2022లో పవర్‌వాష్ సిమ్యులేటర్ అని ఏకంగా ఒక కంప్యూటర్ ఆటే విడుదలైంది. అందులో శత్రువులు లేరు, యుద్ధాలు లేవు, మురికి పట్టిన వాటిని కడగడమే ఆట. బెంగళూరులో ఉండే మా అబ్బాయి అది ఆడతాడు. పండగకు వచ్చినప్పుడు గన్ చేతికిస్తే "తడిసిపోతాం నాన్నా" అన్నాడు. వాడున్న ఊళ్ళోనే 2024 మార్చిలో నీటి ఎద్దడి వచ్చి, తాగేనీటితో కార్లు కడిగితే 5,000 రూపాయలు జరిమానా అని అక్కడి జలమండలి ప్రకటించింది. ఆలోచిస్తే వాడి పద్ధతే చవక.

ఆ తెల్ల గీత చూసి మా ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇప్పుడు మిగతాదంతా కూడా కడగాల్సిందే" అంది. నిజమే. అంతవరకు ఆ పిట్టగోడ పాతది, అంతే. జానెడు మేర తెల్లబడగానే మిగిలిన నలభై అడుగులూ మురికివైపోయాయి. అది కడిగితే పక్కనున్న ట్యాంకు దిమ్మ, అది కడిగితే మెట్లు, మెట్లు కడిగితే మెట్లకు ఆనుకున్న పక్కింటివాళ్ళ గోడ. ఆ గోడ నాది కాదు కాబట్టి ఆగాను. మరమ్మతులకు దిగినవాళ్ళకు, ఇంటికి కొత్తగా ఒక్క కుర్చీ కొన్నవాళ్ళకు ఈ జబ్బు తెలుసు.

నష్టాల పద్దు కూడా రాసుకోవాలి. సంక్రాంతికి మా ఆవిడ గుమ్మం ముందు ఎనామిల్ పెయింటుతో వేసిన ముగ్గు మొదటి నెలలోనే పోయింది. పద్నాలుగు చుక్కల ముగ్గు, ఆరు చుక్కలు మిగిలాయి. గేటుకు తుప్పు పట్టిన చోట రంగు పొరలు పొరలుగా లేచింది. రంగు వదిలితే లోపల తుప్పు ఎంత ఉందో తెలిసింది, వెల్డింగుకు మనిషిని పిలవాల్సి వచ్చింది. కారు పార్కింగులో పరిచిన పేవర్ బిళ్ళల సందుల్లోని ఇసుక అంతా లేచి డ్రైనులోకి పోయి, రెండు బిళ్ళలు కాలు వేస్తే ఊగుతున్నాయి. స్కూటరు చక్రం బేరింగుల దగ్గర గ్రీజు పోయింది. ఏసీ బయటి పెట్టె కడగబోతుంటే సర్వీసు చేసే అబ్బాయి పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. అందులోని పల్చటి అల్యూమినియం రేకులు ఈ ధారకు ఒంగిపోతాయట, ఒంగితే గాలి ఆడదు. డాబా మీది సోలార్ పలకల జోలికి కూడా దీనితో వెళ్ళకూడదు. అద్దం మీద కనపడని బీటలు లోపల పడతాయి.

వేళాకోళం పక్కనపెట్టి ఒక మాట. ఈ ధారను చేతికి గానీ కాలికి గానీ ఆనించి చూడాలని ఎవరికీ సరదా కలగకూడదు. దగ్గరి నుంచి తగిలితే నీరు చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైన చీమ కుట్టినంత గాటు, లోపల కండకు, నరాలకు దెబ్బ. కట్టు కట్టి ఊరుకునే గాయం కాదది, వెంటనే ఆస్పత్రికి పోవాలి. పిల్లలున్న ఇంట్లో గన్ తాళం వేయకుండా కింద పెట్టొద్దు. రెండోది కరెంటు. పదిహేను వందల వాట్ల పైన తీసుకునే మోటారు ఇది. దాన్ని టీవీ కోసం కొన్న ఎక్స్‌టెన్షన్ తీగకు తగిలిస్తే ప్లగ్గు కరుగుతుంది. పదహారు ఆంప్స్ సాకెట్ కావాలి. నేలంతా నీళ్ళు, చేతిలో మిషను, కాళ్ళకు రబ్బరు చెప్పులు. ఇంటి మెయిన్ బోర్డులో, కరెంటు లీకైతే సరఫరా ఆపే ఆర్‌సీసీబీ లేకపోతే ముందు దానికి ఖర్చు పెట్టండి, మిషను సంగతి తర్వాత.

డబ్బు లెక్క చాలామంది అడుగుతారు గనుక చెబుతాను. బయట కారు కడిగిస్తే నాకు అయిదు వందలు అవుతుంది, రెండు నెలలకోసారి. ఏడాదికి మూడు వేలు. మూడేళ్ళలో మిషను ఖరీదు రాబట్టినట్టే, మోటారు అన్నాళ్ళు బతికితే. చవక వాటిలో ఉండేది మిక్సీలో ఉండే రకం బ్రష్షుల మోటారే. మిక్సీకి ఊపిరి తీసుకునే వ్యవధి ఇస్తాం కదా, దీనికీ ఇరవై నిమిషాలకోసారి ఇవ్వాలి. ఇండక్షన్ మోటారుది బరువు, ఖరీదు, తక్కువ మోత, ఎక్కువ ఆయుష్షు. కరెంటు పెద్ద ఖర్చు కాదు, గంటకు యూనిట్టున్నర. పైపులో నీళ్ళు లేకుండా ఒట్టిగా తిరిగితే మాత్రం పంపు సీళ్ళు పోతాయి. బోరు నీళ్ళయితే ముందున్న జల్లెడను మాటిమాటికీ విప్పి కడగాలి, లేకపోతే ఇసుక నలక ఒకటి వెళ్ళి నాజిల్‌లో కూర్చుంటుంది. అయినా బయటి షెడ్డుతో ఇది సమానం కాదు. వాళ్ళు బండిని పైకి ఎత్తి అడుగు కడుగుతారు, నేను పైన కడిగి చాలనుకుంటాను.

ఇక నీళ్ళు. కాగితం మీద మిషను నీటిని ఆదా చేస్తుంది. మామూలు పైపుతో కారుకు రెండు వందల లీటర్లు పోసే చోట డెబ్భై ఎనభైతో తెములుతుంది. కానీ మామూలు పైపుతో కారు కడగడం విసుగు, పావుగంటలో కట్టేస్తాం. ఇది సరదా. కారు అయ్యాక చక్రాలు, చక్రాలయ్యాక మడ్‌గార్డులు, ఆ తర్వాత గోడ. గంట గడిచేసరికి మూడు వందల అరవై లీటర్లు.

ఇన్ని చెప్పినా, ఏడాదిలో కొన్ని రోజులు మాత్రం దీనికి నేను దణ్ణం పెడతాను. శ్రావణం వెళ్ళేసరికి పెరటి మెట్ల మీద ఆకుపచ్చటి పాకుడు పడుతుంది. డెబ్భై ఎనిమిదేళ్ళ మా అమ్మ తులసికోట దగ్గరికి ఆ మెట్ల మీదుగానే వెళ్ళాలి. బ్లీచింగ్ చల్లి, కొబ్బరిపీచుతో రుద్ది, మోకాళ్ళ మీద కూర్చుని గంటన్నర చేసే పని ఇప్పుడు పావుగంట. కాకపోతే ధార పాకుడును గీకుతుంది గానీ చంపదు. కడిగిన తర్వాత బ్లీచింగ్ పెట్టకపోతే మళ్ళీ వస్తుంది. అతిగా కడిగి గచ్చును గరుకు చేస్తే ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. పాకుడు, దోమల జాలీలు, ప్లాస్టిక్ కుర్చీలు, ఖాళీ పూలకుండీలు. ఈ నాలుగింటి దగ్గర దీనికి సాటి లేదు. అన్నీ కలిపి ఏడాదికి ఎన్ని రోజుల పని అని కేలండరులో గుర్తులు పెట్టుకున్నాను. పన్నెండు వచ్చాయి. మిగిలిన మూడు వందల యాభై మూడు రోజులు అది మెట్ల కింద, పాత కుక్కరు డబ్బా పక్కన కూర్చునేది.

ఆశ్చర్యపోనక్కర్లేదు. ఈ మిషను పుట్టింది ఇళ్ళ కోసం కాదు. జర్మనీలో ఆల్ఫ్రెడ్ కార్షర్ అనే ఇంజనీరు 1935లో కంపెనీ పెట్టి, 1950లో వేడినీటి హై ప్రెషర్ క్లీనరు తయారుచేశాడు. అది లారీలకు, కార్ఖానాలకు. ఆయన 1959లో పోయాక భార్య ఐరీన్ కంపెనీని నడిపింది. 1980లో వాళ్ళు రియో డి జనీరో కొండ మీది క్రీస్తు విగ్రహాన్ని కూడా కడిగారు. చేత్తో మోసుకుపోగల మిషను ఇళ్ళకు వచ్చింది 1984లో. ముప్పై నాలుగేళ్ళు ఆగి గుమ్మం తొక్కిందన్నమాట. ఆ జర్మనీలోనే ఇప్పుడు చాలా ఊళ్ళలో ఇంటి ముందు కారు కడగడం మీద ఆంక్షలున్నాయి, నూనె కలిసిన నీరు నేలలోకి పోతుందని. డాలస్‌లో ఉండే మా మేనకోడలు వాళ్ళకు ఇంటి ముందు కారుదారి నల్లబడితే కాలనీ సంఘం నుంచి ఉత్తరం వస్తుందట. "మరి మిషను కొన్నారా అమ్మా?" అంటే, "కొనడమెందుకు మామయ్యా, దుకాణంలో రోజు అద్దెకిస్తారు. కడిగి ఇచ్చేస్తాం. గ్యారేజీలో చోటెక్కడుంది?" అంది. కార్లు మూడు పట్టే గ్యారేజీ వాళ్ళది.

ఆ మాటతో నాకు మా చిన్నప్పటి వీధి గుర్తొచ్చింది. ఆ వీధి మొత్తానికి పొడుగు నిచ్చెన ఒక్కటే. మూడో ఇంట్లో, గోడకు ఏర్పాటుగా కొట్టిన మేకుల మీద అడ్డంగా పడుకుని ఉండేది. ఆ ఇంటికి అసలు పేరు ఏమిటో మాకు తెలీదు, నిచ్చెన వాళ్ళిల్లు. కొబ్బరిచెట్టుకు, పెంకులు సర్దడానికి, పెళ్ళి పందిరికి, పిల్లి బావిగట్టు పైకప్పు ఎక్కి దిగలేకపోతే అన్నిటికీ అదే. అలాగే గుండిగలు ఒకరింట్లో, గునపం ఒకరింట్లో, అరిసెల చెక్కలు ఇంకొకరింట్లో. ఏ ఇంటికీ అన్నీ లేవు, ఏ వీధికీ ఏదీ లోటు లేదు. అడిగి తెచ్చుకోవడంలో చిన్నతనం ఉందని మాకు ఎవరూ చెప్పలేదు. తిరిగి ఇవ్వకపోతేనే చిన్నతనం. సింగ్‌నగర్‌లో ఆ కుర్రాడి పంపు చేసింది కూడా ఇదే. అది వాడి ఇంటి మిషను అయి ఉంటే ఒక్క ఇల్లు తేలేది, వీధిది అయింది గనుక వీధి తేలింది.

అందుకని పోయిన దీపావళికి మా మిషనును మెట్ల కింద నుంచి బయటికి తీసి వీధిలో పెట్టాను. పేరుకు నాదే. ఆరిళ్ళవాళ్ళకు అవసరమైనప్పుడు వచ్చి పట్టుకుపోవచ్చు. షరతులు మూడే. ముందు పైపులో నీళ్ళు చూసుకోవాలి, పిల్లల చేతికి ఇవ్వకూడదు, వరండాలోకి వచ్చిన మట్టి కడిగినవాళ్ళే ఎత్తాలి. మూడోది మా పనిమనిషి పెట్టించింది. మొదట మొహమాటపడ్డారు. ఇప్పుడు ఆదివారం నాకే వంతు దొరకడం లేదు.

కాబట్టి గేటు దగ్గర ఆగి అడిగేవాళ్ళకు ఇకనుంచి ఒకటే జవాబు. మీ ఒక్క ఇంటికే అయితే కొనకండి. ఆరిళ్ళకు ఒకటైతే కొనండి, ఇండక్షన్ మోటారుదే కొనండి, బిల్లు ఆరు భాగాలు చేసుకోండి. మా వీధివాళ్ళయితే అసలు కొననే వద్దు, వచ్చి తీసుకెళ్ళండి. అన్నట్టు, మిషనుతో ఇచ్చిన నాలుగు నాజిళ్ళలో ఎరుపుది, పసుపుది, తెల్లది మా ఇంట్లోనే ఉన్నాయి. ఆకుపచ్చది, ఇరవై అయిదు డిగ్రీలది, నెల రోజులుగా కనపడటం లేదు. మెట్లు కడగడానికి పనికొచ్చేది అదే. ఎవరింట్లో ఉందో కాస్త వెతికి పంపండి, వానలు మొదలవుతున్నాయి.